పాలు మాన్పించిన పందిపిల్లల దాణాలో ఎంజైములు: ఏవి వాడాలి, ఎప్పుడు, ఎలా కలపాలి

సీమపందుల పెంపకంలో రైతుకు ఎక్కువ నష్టం కలిగించే సమయం తల్లి పాలు మాన్పించిన తర్వాతి మొదటి రెండు వారాలు. మూడో రోజు నుంచి పదో రోజు మధ్య పిల్లలు పలచగా పారుకోవడం, పొట్ట ఉబ్బరం, ఎదుగుదల నిలిచిపోవడం కనిపిస్తాయి. వరంగల్, హనుమకొండ, జనగామ, కరీంనగర్ ప్రాంతాల్లో ఈ దశలో చాలామంది పెంపకందార్లు మందుల దుకాణానికి వెళ్లి, జీర్ణశక్తికి మంచిదని చెప్పిన ఎంజైము పొట్లం ఒకటి తెచ్చి దాణాలో చల్లుతారు. అది కొన్నిసార్లు పనిచేస్తుంది, చాలాసార్లు పనిచేయదు. పనిచేయనప్పుడు ప్రతిసారీ లోపం పొట్లంలో ఉండదు. ఒక్కో ఎంజైము ఒక్కో పదార్థాన్ని మాత్రమే విడగొట్టగలదు కాబట్టి, ఆ పదార్థం దాణాలో లేకపోతే దానికి చేసేందుకు పనే ఉండదు. అందువల్ల కొనవలసిన ఎంజైమును నిర్ణయించేది మీ గోదాములో ఉన్న దాణా దినుసులే.

పిల్ల పొట్టలో జరిగేది

పుట్టిన పిల్ల పొట్ట పాల కోసం సిద్ధమై ఉంటుంది. పాలలోని చక్కెరను విడగొట్టే లాక్టేజ్ దానిలో పుష్కలంగా ఉంటుంది, పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ మాత్రం చాలా తక్కువగా మొదలై వారం వారం పెరుగుతూ వస్తుంది. పాలు మాన్పించగానే క్లోమం నుంచి వచ్చే ఎంజైములు సుమారు ఒక వారం పాటు మళ్లీ తగ్గుతాయి. అంటే నూకలు, మక్కలు, సోయా పిండి అనే కొత్త ఆహారం వచ్చిన రోజుల్లోనే దాన్ని అరిగించే శక్తి అడుగంటుతుంది. దీనికి తోడు, తల్లి నుంచి విడిపోయిన పిల్లలు కొన్ని ఒకటి రెండు రోజుల పాటు దాణా ముట్టవు. తిండి లేని పేగు లోపలి గోడ మీద వేళ్లలా ఉండే సన్నని ఆంత్రచూషకాలు కురచబడతాయి, వాటితో పాటే పోషకాలను పీల్చుకునే శక్తి తగ్గుతుంది.

జీర్ణాశయంలోని ఆమ్లం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పాలు తాగే పిల్ల పొట్టలో లాక్టోజ్ పులిసి లాక్టిక్ ఆమ్లం ఏర్పడుతుంది, అదే హానికర క్రిములను అదుపులో ఉంచుతుంది. పాలు ఆగిపోయాక ఆ ఆమ్లం తగ్గుతుంది, పిల్ల సొంతంగా తయారుచేసుకునే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఇంకా చాలినంత ఉండదు. మాంసకృత్తులను విడగొట్టే పెప్సిన్ బాగా పనిచేయడానికి పీహెచ్ (ఆమ్లం ఎక్కువైన కొద్దీ తగ్గే కొలత) రెండు నుంచి మూడున్నర మధ్య ఉండాలి, కానీ ఈ వయసు పిల్లల్లో అది తరచు అంతకంటే ఎక్కువగానే ఉంటుంది. సరిగా అరగని మాంసకృత్తులు, పిండిపదార్థం పెద్దపేగుకు చేరి ఈ.కోలై వంటి క్రిములకు ఆహారమవుతాయి. పారుడు మొదలయ్యే దారి ఇదే.

దాణాలో వేసే ఎంజైములు ఈ దారిలో ఒకటి రెండు చోట్ల అడ్డుపడగలవు. పీచును, గింజల్లో భాస్వరాన్ని కట్టి ఉంచే ఫైటేట్‌ను, అరగని మాంసకృత్తులను ముందే విడగొట్టి పెద్దపేగుకు చేరే చెత్తను తగ్గిస్తాయి. కురచబడిన పేగును అవి బాగుచేయలేవు, ఆమ్లాన్ని పెంచలేవు.

ముందు మీ దాణా దినుసులను చూడండి

మన ప్రాంతంలో వరి మిల్లులు ఎక్కువ కాబట్టి నూకలు, తవుడు సులువుగా దొరుకుతాయి. పిల్లల దాణాకు నూకలంత మంచి గింజ మరొకటి లేదని చెప్పవచ్చు. వాటిలో పీచు చాలా తక్కువ, పిండిపదార్థం సులభంగా అరుగుతుంది. నూకలు ప్రధానంగా ఉన్న దాణాలో పీచును విడగొట్టే జైలనేజ్‌కు పెద్ద పని ఉండదు. అలాంటి దాణాకు ఖరీదైన జైలనేజ్ పొట్లం కొనడం డబ్బు వృథా చేసుకోవడమే.

తవుడు విషయం వేరు. వరి తవుడులో అరబినోజైలన్ అనే పీచు, దానితో పాటు ఫైటేట్ రూపంలో కట్టుబడిన భాస్వరం చాలా ఎక్కువగా ఉంటాయి. గింజల్లోని మొత్తం భాస్వరంలో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలోనే ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము పంది పొట్టలో తగినంత ఉండదు కాబట్టి అది పేడలో కలిసిపోతుంది. ఫైటేట్ భాస్వరంతో ఆగదు, జింకు, కాల్షియం, కొంత మాంసకృత్తులను కూడా పట్టి ఉంచుతుంది. తవుడు, సోయా పిండి, మక్కలు ఉన్న ఏ దాణాలోనైనా ఫైటేట్‌ను విడగొట్టే ఫైటేజ్ ఉపయోగపడుతుంది. తవుడు వాటా పది శాతం దాటిన దాణాకే జైలనేజ్ ఆలోచించాలి. మిల్లుల నుంచి వచ్చే నూనె తీసిన తవుడులో పీచు వాటా ఇంకా ఎక్కువ కనుక పాలు మాన్పించిన కొత్త పిల్లలకు దాన్ని వాడకపోవడమే మేలు.

తవుడు కొనేటప్పుడు మరొక విషయం గుర్తుపెట్టుకోవాలి. పచ్చి బియ్యం ఆడించగా వచ్చిన తవుడులో దానిదే అయిన లైపేజ్ ఎంజైము చురుకుగా ఉంటుంది, అది తవుడులోని నూనెను కొద్ది రోజుల్లోనే ముక్కబెడుతుంది. ఉప్పుడు బియ్యం ఆడించే మిల్లుల్లో వడ్లను ముందే ఉడికిస్తారు కనుక ఆ తవుడులో లైపేజ్ నశించి, నిల్వ కాస్త ఎక్కువ కాలం నిలుస్తుంది. పెద్దపల్లి, కరీంనగర్ వైపు ఇలాంటి మిల్లులు చాలా ఉన్నాయి. పిల్లల కోసం తవుడు కొనేవారు ఏ రకం మిల్లు నుంచి వచ్చిందో, ఎప్పుడు ఆడించారో అడిగి తీసుకోవాలి. మంచి ఎంజైము వేసి ముక్కిన తవుడు పెట్టడం వల్ల వచ్చే లాభం ఏమీ లేదు.

మక్కల్లో పీచు మధ్యస్థంగా ఉంటుంది. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు వానల్లో కోసిన మక్కలు వచ్చే రోజుల్లో తేమ చూసుకోకుండా కొనవద్దు. తేమ పన్నెండు శాతానికి దగ్గరగా ఉండేలా ఎండబెట్టి నిల్వ చేయాలి. బూజు పట్టిన మక్కలోని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పైన చెప్పిన ఎంజైముల్లో ఏదీ తొలగించలేదు.

సోయా పిండి మాంసకృత్తులకు మూలం. అయితే అందులో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు, కొంత మానన్ పీచు ఉంటాయి. ఆ చక్కెరలకు ఆల్ఫా గెలాక్టోసిడేజ్, మానన్‌కు బీటా మానన్నేజ్, మాంసకృత్తులకు ప్రోటియేజ్ వాడతారు. నా అభిప్రాయంలో చిన్న పెంపకందారుకు ప్రోటియేజ్ కొనే అవసరం అరుదు. సోయా పిండి వాటా ఇరవై రెండు శాతానికి మించకుండా చూసుకుంటే దానివల్ల వచ్చే ఉపయోగంలో చాలా భాగం ఖర్చు లేకుండానే దొరుకుతుంది. పచ్చి సోయా గింజలు మాత్రం పిల్లలకు ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. వాటిలో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే ట్రిప్సిన్ నిరోధకాలను సరైన వేడి మాత్రమే నశింపజేస్తుంది. పత్తి చెక్కలోని గాసిపాల్ పిల్లలకు విషం కాబట్టి పత్తి పండే ఈ జిల్లాల్లో అది ఎంత చౌకగా దొరికినా ఈ వయసులో దాన్ని పక్కన పెట్టాలి.

నూకలు ప్రధానంగా ఉండే ఒక నమూనా

ఎనిమిది నుంచి పదిహేను కిలోల బరువున్న పిల్లలకు వంద కిలోల దాణాను ఈ విధంగా తయారు చేసుకోవచ్చు: నూకల పిండి 40 కిలోలు, మక్క పిండి 20, సోయా పిండి 22, మంచి చేప పొడి 5, ఉప్పుడు బియ్యపు తవుడు 5, వెన్న తీసిన పాల పొడి 4, నూనె 1.5, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 300 గ్రాములు, లైసిన్ అనే అమైనో ఆమ్లం 200 గ్రాములు. మాంసకృత్తులు సుమారు 19 నుంచి 20 శాతం వస్తాయి. ఎండు చేపలను పొడి చేసి వాడేవారు అందులో ఎంత ఉప్పు ఉందో తెలుసుకోవాలి, ఉప్పు ఎక్కువగా ఉంటే విడిగా ఉప్పు వేయనవసరం లేదు. ఈ దాణాలో తవుడు ఐదు శాతమే కాబట్టి జైలనేజ్ అవసరం లేదు, ఫైటేజ్ ఒక్కటి చాలు. మాంసకృత్తుల శాతాన్ని ఇంతకంటే పెంచితే పిల్లలు వేగంగా పెరుగుతాయని అనుకోవద్దు, అరగని వాటా పెద్దపేగుకు చేరి పారుడును పెంచుతుంది.

సున్నపురాయి పొడి విషయంలో చేయి బిగబట్టాలి. అది జీర్ణాశయంలోని కొద్దిపాటి ఆమ్లాన్ని కూడా పీల్చేస్తుంది, పైగా కాల్షియం ఎక్కువైతే ఫైటేట్‌తో కలిసి గడ్డకట్టి ఫైటేజ్ పనిని అడ్డుకుంటుంది. సిట్రిక్ ఆమ్లం లేదా ఫార్మిక్ ఆమ్లం కలిపిన ఆమ్లీకరణ పొడులను లేబుల్ మీద చెప్పిన మోతాదులో వాడడం ఈ దశలో ఎంజైముకు మంచి తోడు. ఎంజైము, ఆమ్లీకరణ పొడి రెండింటిలో ఒక్కటే కొనగలిగితే మొదటి రెండు వారాలకు ఆమ్లీకరణ పొడినే ముందు ఎంచుకోమని నా సలహా.

లేబుల్ చదవడం, మోతాదు లెక్క

ఎంజైమును గ్రాముల్లో కొంటాం, కానీ పనిచేసేది దాని యూనిట్లు. ఒక కంపెనీ ఫైటేజ్ గ్రాముకు 5000 యూనిట్లు, మరొక కంపెనీది 2500, ఇంకొకటి 10000 ఉండవచ్చు. చౌకగా కనిపించిన పొట్లం యూనిట్ల లెక్కన ఖరీదైనది కావచ్చు. ఫైటేజ్‌కు సాధారణంగా కిలో దాణాకు 500 యూనిట్ల మోతాదును ఆధారంగా తీసుకుంటారు. వంద కిలోల దాణాకు 50 వేల యూనిట్లు కావాలి, కనుక గ్రాముకు 5000 యూనిట్లున్న పొడి 10 గ్రాములు, 10000 యూనిట్లున్నదైతే 5 గ్రాములు సరిపోతాయి. యూనిట్ల సంఖ్య రాయని పొట్లాన్ని, తయారీ తేదీ, గడువు తేదీ లేని పొట్లాన్ని కొనకండి. అన్ని ఎంజైములు కలిపిన మిశ్రమం అని పెద్ద పేర్ల జాబితా ముద్రించి, ఒక్కోదాని యూనిట్లు ఎన్నో చెప్పని సంచులను దూరంగా ఉంచాలి. వేరే ఎంజైములకు యూనిట్లు కొలిచే పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి జైలనేజ్ వంటి వాటికి ఆ సంచి మీద చెప్పిన మోతాదునే పాటించాలి.

ఈ మోతాదులో ఫైటేజ్ వంద కిలోల దాణాలో సుమారు వంద గ్రాముల భాస్వరాన్ని పంది వాడుకునే రూపంలోకి తెస్తుంది. అంటే భాస్వరం కోసం విడిగా డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) కలిపేవారు సుమారు అర కిలో డీసీపీని తగ్గించుకోవచ్చు, అంతకు మించి తగ్గించకూడదు. మార్కెట్‌లో దొరికే తయారు ఖనిజ మిశ్రమాన్ని వాడేవారికి ఈ ఆదా దొరకదు, ఎందుకంటే అందులోంచి భాస్వరాన్ని మాత్రమే తీసివేయలేం. వారికి దక్కేది ఫైటేట్ పట్టు వదిలిన జింకు, ఇతర పోషకాల లాభమే.

కలిపే పద్ధతి

పది గ్రాముల పొడిని నేరుగా వంద కిలోల కుప్ప మీద చల్లితే ఒక పిల్లకు మోతాదుకు మించి, పక్క పిల్లకు అసలేమీ అందకుండా పోతుంది. ముందుగా పది గ్రాములను అర కిలో మెత్తటి మక్క పిండిలో బాగా కలపాలి. ఆ అర కిలోను ఐదు కిలోల పిండిలో, ఆ ఐదు కిలోలను మొత్తం కుప్పలో కలపాలి. శుభ్రమైన టార్పాలిన్ మీద కుప్పను ఒక వైపు నుంచి మరొక వైపుకు పారతో కనీసం ఐదారు సార్లు తిరగేయాలి. ఎంజైము పొడి ముక్కులోకి వెళితే కొందరికి ఆయాసం, అలర్జీ వస్తుంది కాబట్టి ముఖానికి గుడ్డ లేదా మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి. గాలి వీచే చోట కలపకండి.

ఎంజైము కూడా ఒక మాంసకృత్తే, అందువల్ల వేడి దాన్ని చంపుతుంది. గుళికల దాణా తయారుచేసే యంత్రంలో ఉష్ణోగ్రత 80 డిగ్రీలు దాటుతుంది, అక్కడ వేడిని తట్టుకునేలా పూత వేసిన రకాన్నే వాడాలి. ఇంట్లో ఉడికించే దాణాలో అయితే గంజి వేలు పెట్టి చూడగలిగేంత గోరువెచ్చగా ఆరిన తర్వాత చివర్లో కలపాలి. పొయ్యి మీద మరుగుతున్న గుండిగలో పొడి వేసేవారు ఉన్నారు, అది పూర్తిగా వృథా. నూకలను ఉడికించి పెడితే మొదటి వారంలో పిల్లలకు మరింత తేలికగా అరుగుతాయి, ఆ శ్రమ చేయగలిగినవారు చేయవచ్చు.

హోటల్ వ్యర్థాలు పెట్టి పెంచేవారికి ఒక మాట. పాలు మాన్పించిన మొదటి నెలలో పిల్లలకు వాటిని పెట్టవద్దు. పెద్ద పందులకు పెట్టేటప్పుడు బాగా మరగనివ్వాలి. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల ప్రాణాంతక వ్యాధి పంది మాంసపు వ్యర్థాల ద్వారా కూడా పాకుతుంది, దానికి మందు లేదు.

పొడి దాణాను నీళ్లలో నానబెట్టి పెడితే ఫైటేజ్ తొట్టిలోనే పని మొదలుపెడుతుంది, పిల్లలు కూడా ఇష్టంగా తింటాయి. కానీ ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు నానిన దాణా కొద్ది గంటల్లోనే పులిసిపోతుంది. ఒక పూటకు సరిపడా మాత్రమే నానబెట్టి, మిగిలింది పారబోసి తొట్టి కడగాలి. ఇదే ఎండ గోదాములోని ఎంజైము పొట్లానికీ శత్రువు. రేకుల షెడ్డులో వేసవి మధ్యాహ్నం ఉంచిన పొడి బలం వేగంగా తగ్గుతుంది. గాలి చొరబడని డబ్బాలో, చల్లని పొడి చోట నిల్వ చేయాలి, ఖనిజ మిశ్రమంతో ముందే కలిపి నెలల తరబడి ఉంచకూడదు. కలిపిన దాణాను రెండు మూడు వారాల్లో వాడుకునేంత మాత్రమే తయారు చేసుకోవాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

పాలు మాన్పించిన రోజున కొత్త దాణా మొదలుపెట్టడం చాలామంది చేసే పొరపాటు. పిల్లలకు ఏడు నుంచి పది రోజుల వయసులోనే తల్లికి అందని చోట కొద్దిగా దాణా పెట్టి అలవాటు చేయాలి. ఎంజైము కలిపిన దాణాను అప్పుడే మొదలుపెట్టి, పాలు మాన్పించిన తర్వాత కనీసం మూడు వారాలు అదే దాణాను కొనసాగించాలి. తర్వాత దాణా మార్చవలసి వస్తే వారం రోజుల్లో కొద్దికొద్దిగా మార్చాలి. విడదీసిన మొదటి రెండు రోజులు దాణాను రోజుకు నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా పెట్టడం, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచడం ఎంజైము కంటే ఎక్కువ పనిచేస్తాయి. నీటి నిప్పిల్ అతి చిన్న పిల్ల భుజం ఎత్తుకు మించకూడదు. మొదటి వారం పిల్లలు పడుకునే చోట వెచ్చదనం 28 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. ఆదిలాబాద్ వైపు చలికాలపు రాత్రులకు ఇది మరీ ముఖ్యం, చలికి వణికే పిల్లకు ఏ దాణా అరగదు.

పనిచేస్తోందా అని తెలుసుకోవడం

ఒకే ఈతలోని పిల్లలను బరువు సమానంగా వచ్చేలా రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు ఎంజైము ఉన్న దాణా, రెండో గుంపుకు అదే దాణా ఎంజైము లేకుండా పెట్టి చూడండి. మొదటి రోజు, మూడు వారాల తర్వాత బరువు తూచండి. ప్రతి ఉదయం తొట్టిలో మిగిలిన దాణాను, పేడ గట్టిగా ఉందా, మెత్తగా ఉందా, నీళ్లలా ఉందా అన్నదాన్ని పుస్తకంలో రాసుకోండి. వంద కిలోల దాణాకు ఎంజైము ఖర్చు 60 రూపాయలు, కిలో దాణా ఖరీదు 40 రూపాయలు అనుకుంటే, అదే బరువు పెరగడానికి వంద కిలోలకు ఒకటిన్నర కిలోల దాణా ఆదా అయినా పెట్టిన ఖర్చు తిరిగి వచ్చినట్టే. అంత కూడా ఆదా కాకపోతే ఆ ఎంజైము మీ దాణాకు సరిపోయినది కాదు.

ఎంజైము పరిధి దాటినప్పుడు

పారుడులో రక్తం కనిపించినా, ఒకటి రెండు వారాల వయసు పిల్లలు పసుపు రంగు జిగట పేడ వేస్తున్నా, జ్వరం ఉన్నా, ఒకే రోజు రెండు మూడు పిల్లలు పడిపోయినా అది దాణాతో సరిదిద్దే సమస్య కాదు. నీళ్లలో గ్లూకోజు, ఉప్పు కలిపి తాగిస్తూ వెంటనే పశువైద్యుని పిలవాలి. మామునూరులోనూ కోరుట్లలోనూ ఉన్న పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయ కళాశాలలను కూడా సలహా కోసం సంప్రదించవచ్చు. సొంతంగా యాంటీబయాటిక్ కలపవద్దు. ఆహారం కోసం పెంచే జంతువులకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ అమ్మకాన్ని, వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2019లోనే నిషేధించింది. పారుడును ఆపడానికి ఎక్కువ మోతాదులో జింకు ఆక్సైడ్ వాడటాన్ని ఐరోపా సమాఖ్య 2022లో నిలిపివేసింది. ఎంజైములు, ఆమ్లాల మీద ఇప్పుడు ఇంత ఆసక్తి పెరగడానికి అదొక కారణం. పారుడుకు కారణమయ్యే ఈ.కోలై నుంచి తీసుకున్న జన్యువుతోనే నేటి ఫైటేజ్‌లలో కొన్నింటిని తయారు చేస్తున్నారన్నది ఈ రంగంలోని ఒక విచిత్రం.

పిల్లలు పాతిక కిలోలు దాటి, తవుడు వాటాను ఇరవై, ముప్పై శాతానికి పెంచుకున్నప్పుడు లెక్క తిరగబడుతుంది. అప్పుడు జైలనేజ్ డబ్బుకు తగ్గ ఫలితం ఇవ్వడం మొదలుపెడుతుంది, ఆమ్లీకరణ పొడిని ఆపేయవచ్చు, ఫైటేజ్ మాత్రం పంది అమ్ముడయ్యే వరకు దాణాలో కొనసాగాలి.